ఊరి పని – ఉన్నత పాఠశాల: వార్ధా నుండి పాబళ్ వరకు వృత్తివిద్య నడచిన త్రోవ

నేతవాని యింట పుట్టిన బిడ్డకు ఏడెనిమిదేండ్లు వచ్చునప్పటికే పడుగనగా నేమో, పేకయనగా నేమో తెలియును. కండె చుట్టుట, తెగిన పోగు నతుకుట, మగ్గము కడనున్న తండ్రికి నాడె యందించుట ఆటపాటలతోబాటు అలవడిన పనులు. ఆ బిడ్డయే పాఠశాలకు పోయి గణితమున త్రైరాశికమును, భూగోళమున పత్తి పండు దేశముల పేర్లను నేర్చును. ఇంటి విద్యకును బడి విద్యకును నడుమ పెద్ద యేఱు పాఱుచుండును. ఈ యొడ్డున నేర్చినదానిని ఆ యొడ్డున ఎవరును అడుగరు.

ఆ యేటికి వంతెన కట్టవలెనను తలంపు భారతదేశమున క్రొత్తది కాదు. 1937లో వార్ధా నగరమున ఒక ప్రయత్నము మొదలయ్యెను. 1953లో మదరాసు రాష్ట్రమున మఱియొకటి జరిగెను. 1983లో మహారాష్ట్రమునందలి పాబళ్ గ్రామమున మూడవది నాటుకొనెను. మూడును పని ద్వారా విద్య అను నొక్క మాటనే పలికినవి. కాని మొదటిది ఆదర్శముగా నిలిచి ఆచరణలో సన్నగిల్లెను. రెండవది ఏడాది తిరుగకముందే ప్రజాగ్రహమునకు గుఱియై రద్దయ్యెను. మూడవది చిన్న మొక్కగా మొదలై అనేక పాఠశాలలకు వ్యాపించెను. ఒకే మాట మూడు ఫలితముల నేల యిచ్చినదో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము. పరరాష్ట్రములలో తరములుగా స్థిరపడిన తెలుగువారిలో చేతిపనులవారు పెక్కురు గలరు గనుక, ఈ విచారణ వారి బిడ్డల భవిష్యత్తునకు నేరుగా సంబంధించినది.

మగ్గము వెంట నడచిన తెలుగు

తెలుగునాడు వీడిపోయిన నేతగాండ్రు మగ్గమును, దానితోబాటు మగ్గపు మాటలను వెంట గొనిపోయిరి. సోలాపురమునకు నిజాము రాజ్యమునందలి తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు వలస వచ్చెను. 1877లో అచ్చట పెద్ద నూలుమిల్లు వెలసిన పిమ్మట ఆ నగరము పశ్చిమ భారతమున ముఖ్యమైన వస్త్రకేంద్రముగా పెరిగెను. చేతిమగ్గము నుండి మరమగ్గమునకు మారిన ఈ నేతవారి కృషివలననే సోలాపురపు దుప్పట్లు దేశమంతట పేరుపొంది భౌగోళిక గుర్తింపును సైతము సంపాదించినవి. ఆ యిండ్లలోని స్త్రీలలో ననేకులు బీడీలు చుట్టి సంసారములను నిలిపిరి. ఒడిశాలోని బరంపురమున దేవాంగుల పట్టు, తమిళనాట కాంచీపురమునను సేలమునను తెలుగు నేతవారి పని ఇట్టివే.

ఈ యిండ్లు ఒకవిధముగా పాఠశాలలే. అచ్చట గురువు తండ్రి, లేక తల్లి. పరీక్ష ప్రతిదినము జరుగును. పోగు తప్పినచో బట్టయే చెప్పును. కంటికి సూక్ష్మదృష్టి, చేతికి నిలుకడ, పనియందు ఓర్పు అచ్చట అలవడును. అయితే ఈ గృహపాఠశాలకు రెండు లోపములు గలవు. అది ఎట్లు చేయవలయునో చెప్పును గాని ఎందుకట్లు చేయవలయునో చెప్పదు. రెండవది యింకను కఠినమైనది: ఏ యింట పుట్టిన బిడ్డకు ఆ యింటి పనిమాత్రమే దక్కును. కాలము మారి ఆ పనికి గిరాకి పోయినపుడు, వేఱొక పనికి త్రోవ చూపగల శక్తి దానికి లేదు. చేతిమగ్గమును మరమగ్గము త్రోసివేసినపుడును, మిల్లులు మూతపడినపుడును సోలాపురపు కుటుంబములకు ఈ సంగతి అనుభవమునకు వచ్చినది.

కనుక ఇంటిపనిని బడిలోనికి తెచ్చుట యనగా, దాని గుణములను తెచ్చి దాని సంకెళ్లను వాకిటనే విడిచిపెట్టుట. ఇది చెప్పుట సులభము. చేయుట యెంత కష్టమో తరువాతి చరిత్ర తెలుపును.

వార్ధా ప్రణాళిక – 1937

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతన జాతీయ విద్యా సమ్మేళనము జరిగెను. ఏడేండ్లపాటు నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపనిని కేంద్రముగా జేసికొని తక్కిన పాఠములను దానికి ముడివేయుట అనునవి అచ్చటి తీర్మానములు. పాఠ్యక్రమమును సిద్ధపఱచుటకు డాక్టరు జాకీర్ హుసేన్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. ఆ సంఘపు నివేదికలో బడిదినము 5 గంటల 30 నిమిషములు. అందు 3 గంటల 20 నిమిషములు చేతిపనికే కేటాయింపబడెను. మాతృభాషకు 40 నిమిషములు, సంగీత చిత్రలేఖన గణితములకు 40 నిమిషములు, సాంఘిక శాస్త్రమునకును సామాన్య విజ్ఞానమునకును 30 నిమిషములు. వడకుట, నేత, వడ్రంగము, సేద్యము, తోటపని, తోలుపని మున్నగు వృత్తులలో స్థానిక పరిస్థితులకు తగినదాని నెన్నుకొనవచ్చును.

ఈ ప్రణాళికలో గమనింపదగిన గొప్ప విశేషమొకటి గలదు. బ్రాహ్మణుని బిడ్డయు, చర్మకారుని బిడ్డయు, రైతు బిడ్డయు ఒకేచోట కూర్చుండి ఒకే తకిలి త్రిప్పవలయును. ఏ పని యే కులముదని బడి యడుగదు. చేతిపని కొందఱికి అవమానముగను, కొందఱికి విధివ్రాతగను ఉన్న సమాజమున ఇది సాహసోపేతమైన మార్పు.

అయినను ఆ సమ్మేళనముననే ఆక్షేపణము వినవచ్చెను. పిల్లలు చేసిన వస్తువులను అమ్మి, వచ్చిన సొమ్ముతో ఉపాధ్యాయుని జీతము గడపవలెనను భావమును ఆచార్య కె. టి. షా వ్యతిరేకించెను. బడి సరకు అంగడికి వచ్చినచో, ఆ పనియే జీవనాధారమైన వృత్తికారునితో పోటీపడును. ఆదాయముపై దృష్టి నిలిచినచో పిల్లవాడు విద్యార్థి గాక కూలివాడగును. ఈ శంక నిరాధారమైనది కాదు. తరువాతి కాలమున పెక్కు పాఠశాలలలో వడకిన నూలు తూకమే ముఖ్యమై, ఆ నూలులో దాగిన గణితమును విజ్ఞానమును వెలికిదీయు పని వెనుకబడెను.

సేవాగ్రామపు ఉత్తర బునియాదీ

1938లో హిందూస్థానీ తాలీమీ సంఘము స్థాపింపబడి సేవాగ్రామము కేంద్రముగా పనిచేసెను. ఇ. డబ్ల్యు. ఆర్యనాయకము, ఆశాదేవి దంపతులు దాని నడపిరి. 1945 జనవరిలో జరిగిన సమ్మేళనమున నయీ తాలీమ్ పరిధి విస్తరించెను. శైశవము మొదలు వార్ధక్యము వఱకు విద్య సాగవలెననియు, బునియాదీ దశ ముగించిన పదునైదేండ్ల యువకులకు ఉత్తర బునియాదీ యను పై మెట్టు కావలెననియు నిశ్చయింపబడెను. నేటి ఉన్నత పాఠశాల వయస్సునకు దగ్గఱగా నున్న దశ యిదియే గనుక ఈ వ్యాసమునకు దీనియందు ప్రత్యేకాసక్తి.

ఈ దశలో పాఠము బడిగోడలను దాటెను. విద్యార్థులు తామే పండించి, వండుకొని, లెక్కలు వ్రాసికొని, పారిశుద్ధ్యమును చూచుకొనిరి. వంటయింటి పద్దు గణితమయ్యెను. ఎరువు గుంట రసాయన శాస్త్రమయ్యెను. గ్రామమునకు ఏమి కావలెనో తెలిసికొనుట విద్యలో భాగమయ్యెను. అయితే ఈ విద్య ముగించిన యువకునకు విశ్వవిద్యాలయముల తలుపులు సులభముగా తెఱచుకొనలేదు. ప్రభుత్వోద్యోగము పాత పరీక్షలనే యడుగుచుండెను. తమ బిడ్డలను ఇంగ్లీషు ఉన్నత పాఠశాలలకు పంపుచు, పేదవారి బిడ్డలకు రాట్నమును మెచ్చుకొను పెద్దలు ఊరూర నుండిరి. పేదలు ఈ సంగతిని గ్రహింపకపోలేదు. తమ బిడ్డలకు రెండవరకపు విద్య లభించుచున్నదని యనుమానించిరి. ఒక విద్య ఎంత మంచిదైనను, అది కొందఱికిమాత్రమే విధింపబడినపుడు గౌరవమును గోల్పోవును.

మదరాసు రాష్ట్రపు గుణపాఠము – 1953

ఈ యనుమానము బహిరంగ సంఘర్షణగా మారినది 1953లో. నాడు మదరాసు ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి. నిధులు తక్కువ, ఉపాధ్యాయులు తక్కువ, చదువవలసిన పిల్లలు ఎక్కువ. ఉన్న బడులలోనే ఇబ్బడిగా పిల్లలను చేర్చుటకు ఆయన ప్రభుత్వము గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టెను. బడి రెండు పూటల బడిగా మారెను. ఒక్కొక్క పిల్లవానికి దినమునకు మూడు గంటల చదువు. తక్కిన పూట తల్లిదండ్రుల వృత్తిని గాని, ఊరి పనివారి చేతిపనిని గాని చూచి నేర్చుకొనవలెను.

కాగితముపై చూచినచో ఇది వార్ధా భావమునకు దగ్గఱి చుట్టమువలె కనబడును. నిజమునకు దూరమెంతయో గలదు. వార్ధాలో చేతిపని బడిలోపల, ఉపాధ్యాయుని కనుసన్నలలో, అన్ని కులముల పిల్లలకు సమానముగా జరుగును. ఇచ్చట పని బడి వెలుపల, ఎవరి యింట వారికి. చాకలి బిడ్డకు చాకిరేవు, కుమ్మరి బిడ్డకు సారె, గుమాస్తా బిడ్డకు పుస్తకము. పెరియార్ ఇ. వి. రామస్వామియు, ద్రావిడ మున్నేట్ర కళగము వారును దీనిని కులవిద్యా పథకమని పేర్కొని తీవ్రముగా ప్రతిఘటించిరి. కాంగ్రెసులోను అసమ్మతి పెరిగెను. 1953 జూలైలో శాసనసభలో పథకమును విడిచిపెట్టవలెనను ప్రతిపాదనపై ఓట్లు సరిసమానముగా వచ్చెను. సభాపతి నిర్ణాయకపు ఓటుతో అది వీగిపోయెను. తరువాత నియమింపబడిన పరులేకర్ సంఘము పథకమును సమర్థించినను ప్రజల మనస్సు మాఱలేదు. 1954లో రాజాజీ పదవి వీడెను. కామరాజ్ ముఖ్యమంత్రియైన పిమ్మట ఆ యేడాది మే నెలలో పథకము రద్దయ్యెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు తెలుగు జిల్లాలును మదరాసు రాష్ట్రమున భాగములే. అటుపిమ్మట తమిళనాట మిగిలిన తెలుగు వృత్తికారుల గ్రామములకును ఈ సంగతి తగిలినదే. నేతవాడు తన బిడ్డ మగ్గమును మఱచిపోవలెనని కోరలేదు. మగ్గము తప్ప వేఱొకటి ఎఱుగకుండుటను మాత్రమే అంగీకరింపలేదు. ఈ భేదమును పాలకులు గ్రహింపకపోవుటయే ఆ పథకమునకు చేటు తెచ్చెను. వృత్తివిద్యను గూర్చి మాటలాడు ప్రతివారును 1953 సంవత్సరమును గుర్తుంచుకొనవలయును.

సంఘములు, నివేదికలు

మాధ్యమిక విద్యకు సంబంధించి 1952–53లో ఎ. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన సంఘము బహుళార్థసాధక పాఠశాలలను సిఫారసు చేసెను. మానవీయ శాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, సేద్యము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలలో విద్యార్థి తనకు తగినదాని నెన్నుకొనవలెను. ఎట్టి శాఖను ఎన్నుకొన్నను ఒక చేతిపని నేర్వవలెను. 1964–66 నాటి కొఠారీ సంఘము కార్యానుభవమను పేరుతో పనిని సామాన్య విద్యలో విడదీయరాని భాగముగా జేయవలెనని చెప్పెను. 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము దానిని సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యముగా వ్యవహరించెను. 1986 జాతీయ విద్యావిధానము ఇంటర్మీడియెట్ స్థాయి విద్యార్థులలో 1990 నాటికి నూటికి 10 మందిని, 1995 నాటికి 25 మందిని వృత్తిశాఖలలో చేర్చవలెనని లక్ష్యము నిర్ణయించెను. ఆ లక్ష్యము నెరవేరలేదు.

పేర్లు మాఱినవి గాని పాఠశాలలలో జరిగినది తఱచుగా ఒక్కటే. వారమునకు ఒకటి రెండు పీరియడ్లు. కాగితపు పూలు, కొవ్వొత్తులు, సుద్దముక్కలు. ఏడాది చివర ఒక గ్రేడు. ఆ వస్తువు ఎవరికి కావలెను, ఎవరు దానిని వాడుదురు, అది చెడినచో ఎవరు బాగుచేయుదురు అను ప్రశ్నలు పుట్టలేదు. పని బడిలోనికి వచ్చినది, ఊరు రాలేదు.

పాబళ్ ప్రయోగము

ఊరిని బడిలోనికి తెచ్చిన ప్రయోగము పుణె జిల్లాలోని పాబళ్ గ్రామమున జరిగెను. దానికి కర్త డాక్టరు శ్రీనాథ్ శేషగిరి కల్‌బాగ్. ఆయన ఆహార సాంకేతిక శాస్త్రజ్ఞుడు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున ఉన్నతవిద్య ముగించి, మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమునను, తరువాత బొంబాయి హిందూస్థాన్ లీవర్ పరిశోధనాకేంద్రమునను పనిచేసెను. ఆ యుద్యోగమును వదలి 1983లో వానలు తక్కువైన పాబళ్ గ్రామమున విజ్ఞాన ఆశ్రమమును స్థాపించెను. కొఠారీ సంఘమునకు సభ్యకార్యదర్శిగా నుండిన జె. పి. నాయక్ నెలకొల్పిన భారతీయ విద్యాసంస్థకు అది యొక కేంద్రము. నివేదికలో నిలిచిపోయిన కార్యానుభవమునకు ఆ విధముగా ఒక పల్లెలో కాలూనుటకు చోటు దొరికెను.

బడి మానివేసిన యువకులు ఆయనకు తొలి శిష్యులు. పుస్తకముతో చేయలేనిది చేతితో చేయించవచ్చునని వారివలన రుజువైన పిమ్మట, 1980 దశకపు ఉత్తరార్ధమున అదే పద్ధతిని ఉన్నత పాఠశాలలలో 8, 9, 10 తరగతులకు ప్రవేశపెట్టిరి. ప్రాథమిక సాంకేతిక పరిచయమను ఈ విషయమును మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలి గుర్తించెను. వారమునకు ఒక దినము దీనికి కేటాయింపబడును. నాలుగు విభాగములు గలవు: యంత్రనిర్మాణపు పని, శక్తి–పర్యావరణము, సేద్యము–పశుపోషణము, గృహము–ఆరోగ్యము. బాలురును బాలికలును నాలుగింటిని నేర్వవలెను. ఇది వడ్రంగి బిడ్డది, అది ఆడపిల్లది అను విభజన లేదు.

ఇందులోని ప్రాణసూత్రమేమనగా, విద్యార్థులు చేయు పని ఊరికి నిజముగా కావలసినదై యుండవలెను. నేలను కొలిచి పటము గీయుట, మట్టిని పరీక్షించుట, ఇంటికి విద్యుత్తు తీగలు అమర్చుట, టేపుతో కొలిచి పశువుల బరువు నంచనా కట్టుట, రక్తవర్గమును హిమోగ్లోబినును పరీక్షించుట, ఇనుపజాలిపై సిమెంటు పూసి తొట్లు కట్టుట ఇట్టివి. నేర్పువారిలో ఊరి పనివారు గలరు. పట్టము లేని వెల్డరు బడిలో గురువగును. ఆ పనివానికి దానివలన కలుగు గౌరవము చిన్నది కాదు.

తొట్టి కట్టుటను ఉదాహరణముగా గైకొనవచ్చును. ఒక యింటికి వాననీటి తొట్టి కావలెను. విద్యార్థులు ఆ యింటికి పోయి, ఎందఱున్నారు, దినమునకు ఎంత నీరు వాడుదురు, పెరటిలో ఎంత చోటు గలదు అని అడిగి వ్రాసికొందురు. వ్యాసార్ధము 1 మీటరు, ఎత్తు 1.5 మీటర్లు గల గుండ్రని తొట్టి యనుకొన్నచో, దానిలో 4.71 ఘనమీటర్లు, అనగా 4,710 లీటర్ల నీరు పట్టును. దినమునకు 200 లీటర్లు వాడు కుటుంబమునకు అది సుమారు 23 దినములకు సరిపోవును. చాలునా? చాలనిచో ఎత్తు పెంచవలెనా, వెడల్పు పెంచవలెనా? వ్యాసార్ధమును రెట్టించినచో నీరు నాలుగింతలగునని అచ్చట తెలియును. ఇనుము, సిమెంటు, కూలి యెంత యగునో లెక్కకట్టి యజమానికి చెప్పవలెను. కట్టిన పిమ్మట తొట్టి కాఱినచో, జవాబు చెప్పవలసినది విద్యార్థులే. పరీక్షాపత్రమున తప్పిన లెక్కకు రెండు మార్కులు పోవును. తొట్టిలో తప్పిన లెక్కకు ఒక యింటి నీరు పోవును. ఈ బాధ్యతాభావమునే వృత్తివిద్యకు మూలధనమని చెప్పవలయును.

2002లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ సహకారముతో, గణకయంత్రము ద్వారా నడచు పనిముట్లు గల ఫ్యాబ్ ల్యాబ్ పాబళ్‌లో వెలసెను. ఆ సంస్థకు వెలుపల నెలకొన్న తొలి ఫ్యాబ్ ల్యాబులలో అది యొకటి. 2003లో కల్‌బాగ్ మహాశయుడు దివంగతుడయ్యెను. ఆయన పద్ధతి మహారాష్ట్రమును దాటి ఇతర రాష్ట్రముల పాఠశాలలకును చేరినది.

చేతిపనికిని రూపకల్పనకును గల భేదము

మూడు ప్రయత్నముల ఫలితభేదమునకు కారణ మిప్పుడు స్పష్టమగును. పని నెవరు నిర్ణయించిరి అనునది మొదటి ప్రశ్న. ఆ పనిలో ఆలోచన యెవరిది అనునది రెండవ ప్రశ్న. మదరాసు పథకమున పనిని పుట్టుక నిర్ణయించెను; ఆలోచనకు చోటు లేదు. వార్ధాలో పనిని పాఠ్యక్రమము నిర్ణయించెను. ఆలోచన యంతయు ఉపాధ్యాయుని నేర్పుపై నాధారపడెను. అట్టి నేర్పరులు దొరకనిచోట రాట్నము తిరుగుచున్నను పాఠము కదలలేదు. పాబళ్‌లో పనిని ఊరి యవసరము నిర్ణయించును. ఆలోచనలో విద్యార్థికి పాలు గలదు.

ఈ యాలోచనకే రూపకల్పన యని పేరు. చేసిన నమూనాను చూచి మరల చేయుట చేతిపని. ఎవరికి ఏ యిబ్బంది గలదో కనుగొని, కొలిచి, నాలుగు విధములుగా గీసి, ఒకదాని నెన్నుకొని, చేసి, వాడినవారిచే తప్పులు చెప్పించుకొని సరిదిద్దుట రూపకల్పన. అమెరికాలో డబ్ల్యు. హెచ్. కిల్‌పాట్రిక్ 1918లోనే ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదించెను. ఇంగ్లండున 1990 నుండి రూపకల్పన–సాంకేతికత జాతీయ పాఠ్యక్రమమున ఒక విషయమైనది. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానవిద్యా కేంద్రమువారు ఈ శతాబ్ది తొలి దశకమున, సంచి, గాలిమర నమూనా, బొమ్మ అను మూడు వస్తువులతో మహారాష్ట్ర పాఠశాలలలో ఇట్టి పాఠములను పరీక్షించిరి. పిల్లలు కలిసి ముందు గీసి, పిదప చేయుట వాని పద్ధతి.

మగ్గము నుండి ఒక పాఠము

తెలుగు నేతవారి బిడ్డలు చదువు పాఠశాలలో ఈ పద్ధతి యెట్లుండునో చూడవచ్చును. 48 అంగుళముల పన్నా గల చీర, అంగుళమునకు 80 పోగులు. పడుగు పోగుల సంఖ్య 3,840. పడుగు పొడవు 6 మీటర్లైనచో కావలసిన నూలు 23,040 మీటర్లు, అనగా 23 కిలోమీటర్లకు మించినది. 80వ నంబరు నూలనగా పౌనుకు 80 చిలపలు. చిలపకు 840 గజములు. పౌనుకు 67,200 గజములు. ఆ లెక్కను పడుగు బరువు సుమారు 170 గ్రాములు. ఇంత లెక్కను నేతగాడు చేతి యంచనాతో చెప్పగలడు. తొమ్మిదవ తరగతి విద్యార్థి దానిని కాగితముపై రుజువు చేయగలడు. ఇద్దఱును ఒకచోట కూర్చున్నపుడు ఏటికి వంతెన పడును.

అయితే ఈ లెక్కతో ఆగినచో అది మంచి గణితపాఠము మాత్రమే యగును. దానిని దాటి విద్యార్థి అడుగవలసిన ప్రశ్నలు గలవు. గుంటమగ్గమున గంటల తరబడి కూర్చున్న తాతకు నడుమునొప్పి ఏల? పీట యెత్తు మాఱినచో తగ్గునా? మరమగ్గపు కొట్టములో చప్పుడును దూదిధూళియు తగ్గించుట యెట్లు? బీడీలు చుట్టు తల్లికి వెలుతురు ఏ ప్రక్కనుండి రావలెను? ఇవి నేతవాని బిడ్డ నేతవాడగుటకు అడుగు ప్రశ్నలు కావు. యంత్రశాస్త్రజ్ఞుడు, వైద్యుడు, గృహనిర్మాత, వ్యాపారి యగుటకు త్రోవ చూపు ప్రశ్నలు. ఈ ప్రశ్నలను నేతయింటి బిడ్డతోబాటు ఉద్యోగి బిడ్డయు అడుగవలెను. అప్పుడే అది కులవిద్య గాక విద్య యగును.

భాష విషయమున నొక లాభము గలదు. పడుగు, పేక, నాడె, కండె, చిలప, పన్నా మున్నగు మాటలు పరరాష్ట్రముననున్న తెలుగు బిడ్డకు ఇంట వినబడును గాని పుస్తకమున తఱచుగా కనబడవు. తాతను ప్రశ్నించి వ్రాసికొన్న పుటలో ఆ మాటలు బడిలోనికి వచ్చును. రాజ్యాంగమునకు 1956లో చేసిన ఏడవ సవరణముచే చేరిన 350–ఎ అనుబంధాధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. ఉన్నత దశలో పెక్కురు పిల్లలు రాష్ట్రభాషకో, ఇంగ్లీషునకో మాఱుదురు. అప్పటికి తెలుగు పద్యములకును పండుగలకును మాత్రమే మిగులును. పని, కొలత, ధర, మరమ్మతు అనువానిని గూర్చి వ్రాయుటకు ఉపకరింపని భాష యువకుని జీవితమున ఎంతకాలము నిలుచును? ఇట్టి పనిపాఠము తెలుగునకు ఉపాధితో సంబంధము కలిగించును.

అవరోధములు – నేటి విధానము

అవరోధములు లేకపోలేదు. పరీక్షల యొత్తిడి మొదటిది. వారమునకు ఒక దినము పనికి పోయినచో మార్కులు తగ్గునని తలిదండ్రుల భయము. పనిముట్లకు ధనము, యంత్రములకడ పిల్లల రక్షణ, నేర్పుగల గురువుల కొఱత తక్కినవి. విద్యార్థుల సేవను చవుక కూలిగా వాడుకొను ప్రమాదమును గూర్చి 1937లో వినవచ్చిన హెచ్చరిక నేటికిని వర్తించును. వీనికి తోడు చేతిపని చిన్నదను చిన్నచూపు సమాజమునుండి పూర్తిగా పోలేదు.

2020 జూలైలో ప్రకటింపబడిన జాతీయ విద్యావిధానము ఆఱు నుండి ఎనిమిది తరగతుల విద్యార్థులు పది దినములు పుస్తకసంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు మున్నగు స్థానిక వృత్తికారులకడ పని నేర్వవలెనని సూచించెను. ఇది మెచ్చదగినది. అయితే పది దినముల దర్శనము ఉత్సవముగా ముగియుటయు, పాఠముగా మాఱుటయు దానికి ముందు వెనుకల బడిలో జరుగు పనిపై నాధారపడును. కుమ్మరి సారెను చూచి వచ్చుట వినోదము. కుండలో నీరు ఏల చల్లబడునో పరీక్షించి, కుమ్మరికి ఆవము కట్టెలు తగ్గునట్లు ఒక యుపాయము గీసి చూపుట విద్య. ఉపాయము పనికిరానిచో కుమ్మరియే చెప్పును, అదియును విద్యయే.

ఎనుబదేండ్లకు పైబడిన ఈ చరిత్రవలన తేలినది ఇంతే. పనిని పుట్టుకతో ముడివేసిన బడి కంచెగా మాఱెను. పనిని నూలు తూకముతోను, గ్రేడుతోను ముడివేసిన బడి అలవాటుగా మాఱెను. పనిని పొరుగువాని యవసరముతో ముడివేసి, ఆలోచనను విద్యార్థికి అప్పగించిన బడి తలుపు తెఱచెను. సోలాపురములోను, బరంపురములోను, కాంచీపురములోను నేతయిండ్ల వాకిళ్లు నేటికిని పాఠశాలలకు దగ్గఱనే యున్నవి. ఆ వాకిళ్లలో కూర్చున్న ముదుసలులతోబాటు కొన్ని విద్యలును, కొన్ని మాటలును వెడలిపోవుచున్నవి. ఒక కొలబద్ద, ఒక పుస్తకము, నాలుగు ప్రశ్నలు చేతబట్టుకొని విద్యార్థులు ఆ వాకిళ్లకు పోవుటకు పెద్ద నిధులు అక్కఱలేదు. తాతల మగ్గముకడకు మనుమలు బానిసలుగా గాక పరీక్షకులుగా మరలి వచ్చిన దినమున, 1937లో కోరినదియు 1953లో తిరస్కరింపబడినదియు వేఱు వేఱని స్పష్టముగా తెలియును.